మూకుడులో కనబడని గట్లు

“రాత్రిపూట అన్నమా?” అన్నది ఇంటావిడ. ఆ కంఠంలో నా ఆరోగ్యాన్ని గురించిన నిజమైన కలవరం ధ్వనించింది.

రెండు పూటలా అన్నం తిని పెరిగినవాణ్ణి నేను. ఆ ప్రశ్న నాకు వింతగా తోచింది. దానిని తెలుగులో చెప్పిన మా మేనల్లుడు నవ్వాడు. “ఇక్కడ పాయెల్యా మధ్యాహ్న భోజనం, మామయ్యా. అందులోనూ ఆదివారం నాడు. పొద్దుపోయాక అన్నం తింటే అరగదని వీరి నమ్మకం. మీరు ఆదివారం దాకా ఉండరు కనుక ఏం చేయాలా అని ఆలోచిస్తున్నారు.”

ఇది 2025 జూన్ నెలలో, స్పెయిన్ దేశపు తూర్పు తీరాన ఉన్న వలెన్సియా నగరంలో జరిగిన సంభాషణ. మా మేనల్లుడు అక్కడ చదువుకుంటూ, రుసాఫా అనే పేటలో ఒక పాత మేడ మూడవ అంతస్తులో అద్దెకు ఉంటున్నాడు. ఇంటివారు పై అంతస్తులో ఉంటారు. వారి పైన డాబా. ఇంటాయనకు డెబ్బై ఏళ్ళు దాటాయి. నగరానికి దక్షిణాన సుయేకా అనే ఊళ్ళో వరి పండించే కుటుంబంలో పుట్టినవాడు. 1961 నుండి పాయెల్యా వంటల పోటీలు జరుగుతున్న ఊరది. అటువంటి ఊరివాడు మధ్యేమార్గం కనిపెట్టకుండా ఉంటాడా? “సూర్యుడుండగానే వండుదాము, సూర్యుడుండగానే తిందాము. అప్పుడది రాత్రి భోజనం కాదు, ఆలస్యమైన మధ్యాహ్న భోజనం” అన్నాడాయన. జూన్ నెలలో అక్కడ రాత్రి తొమ్మిదిన్నరకు గాని సూర్యాస్తమయం కాదు.

ఇంటావిడ భర్త ముఖం వంక ఒకసారి చూచి, సరేనన్నది. ఆ చూపులో అజీర్ణ భయమే కాక మరొకటి కూడా ఉన్నదని నాకు ఆ సాయంకాలం గాని తెలియలేదు.

పాయెల్యా అనగా నిజానికి వంటకం పేరు కాదు, పాత్ర పేరు. వలెన్సియా భాషలో ఆ మాటకు మూకుడు అని అర్థం. పళ్ళేన్ని సూచించే ప్రాచీన లాటిన్ పదం నుండి పుట్టింది. అడుగు చదునుగా, అంచులు పొట్టిగా, రెండు వైపులా పిడులతో ఉండే ఇనుప మూకుడు. అందులో వండిన అన్నానికి క్రమంగా ఆ పాత్ర పేరే స్థిరపడింది. అన్నం మాత్రం దూరం నుండి వచ్చింది. ఆసియాలో పుట్టిన వరిని ఐరోపాలోని ఆ మూలకు తెచ్చి పండించినవారు అరబ్బులు. బియ్యానికి స్పానిషు మాట ‘అర్రోస్’, కుంకుమపువ్వుకు ‘అసఫ్రాన్’, పంటకాలువకు ‘అసేకియా’. ఈ మూడూ అరబ్బీ మాటలే. 1238లో ఆరగాన్ రాజు మొదటి జేమ్స్ వలెన్సియాను జయించాడు. పాలకులు మారారు, మతం మారింది. కాలువలు మాత్రం మారలేదు. వాటి నీటిని పంచుకునే ఆచారాలూ మారలేదు.

ఆ ఆచారాలలో ఒకటి నేటికీ ప్రతి గురువారం కళ్ళారా చూడవచ్చును. మా భోజనం కూడా గురువారమే కావటం వలన, ఆ మధ్యాహ్నం నేను నగరంలోని పెద్ద చర్చి ముందు నిలబడి ఉన్నాను. అపొస్తలుల ద్వారమని పేరుగల వాకిలి ముందు ఎనిమిది కొయ్య కుర్చీలు వలయాకారంగా వేసి ఉన్నాయి. గంట పన్నెండు కొట్టగానే నల్లని వదులు చొక్కాలు తొడుక్కున్న ఎనిమిదిమంది రైతులు వచ్చి కూర్చున్నారు. తూరియా నది నుండి తోటభూములకు నీరు పారించే ఎనిమిది కాలువలకు వారు ప్రతినిధులు. తోటి రైతులే వారిని ఎన్నుకుంటారు. నీటి తగవులను తీర్చే న్యాయస్థానమది. వెయ్యేళ్ళ నాటిదని చెప్పుకుంటారు. 2009లో యునెస్కో దానిని మానవాళి సాంస్కృతిక వారసత్వంలో చేర్చింది.

బంట్రోతు లేచి ఒక్కొక్క కాలువ పేరూ పిలిచి, దాని మీద ఫిర్యాదుకు గురైనవారు ఉన్నారా అని అడిగాడు. ఎవరూ రాలేదు. కొద్ది నిమిషాలలో సభ ముగిసింది. చుట్టూ మూగిన యాత్రికులు కొందరు నిరాశపడ్డారు. నాకు మాత్రం అదే ముచ్చటగా తోచింది. తగవు లేని రోజున కూడా న్యాయమూర్తులు వచ్చి కూర్చుంటున్నారు గదా!

తగవు వచ్చిన నాడు అంతా నోటిమాటగా సాగుతుంది. వకీళ్ళు ఉండరు. వాదప్రతివాదాలు కాగితం మీద వ్రాయరు. ఫిర్యాదు ఏ కాలువకు చెందినదో ఆ కాలువ ప్రతినిధి తీర్పులో కల్పించుకోడు. తీర్పు అప్పటికప్పుడే చెబుతారు. దానిపై అప్పీలు లేదు. అన్నిటికంటె నన్ను ఆకర్షించినది నీటిని కొలిచే పద్ధతి. ఇక్కడ రైతు హక్కు ఇన్ని ఘనపుటడుగులు అని కాదు, నదిలో ఉన్న నీటిలో ఇంత భాగం అని. నది నిండుగా పారితే అందరికీ ఎక్కువ వస్తుంది. ఎండిపోతే అందరికీ తగ్గుతుంది. కరువు కూడా వాటాల ప్రకారమే పంచబడుతుందన్న మాట.

సాయంకాలం ఏడు గంటలకు డాబా ఎక్కాము. చుట్టూ ఎర్ర పెంకుల కప్పులు, ఆరవేసిన బట్టలు, టెలివిజన్ కంబాలు, దూరాన చర్చి గోపురాలు. దక్షిణాన ఇళ్ళ వరుసలకు ఆవల ఎక్కడో అల్బుఫేరా సరస్సు ఉన్నదని ఇంటాయన చేయి చాపి చూపాడు. ఆ పేరుకు అరబ్బీలో చిన్న సముద్రమని అర్థం. సముద్రానికీ సరస్సుకూ నడుమ సన్నని ఇసుక మేట; సరస్సు చుట్టూ వరిచేలు. శతాబ్దాల తరబడి రైతులు పడవలలో మట్టి తెచ్చి పోసి, సరస్సు అంచులను చేలుగా మార్చుకుంటూ వచ్చారు. ఇప్పుడు మిగిలిన నీటి విస్తీర్ణం సుమారు 2,800 హెక్టార్లు. లోతు సగటున ఒక మీటరు మాత్రమే. 1986 నుండి అది రక్షిత ప్రకృతివనం. శీతకాలంలో చేలన్నీ నీట మునిగి సరస్సులో కలిసిపోయినట్లుంటాయి. మే నెలలో విత్తుతారు, సెప్టెంబరులో కోస్తారు. మేము వెళ్ళిన జూన్ నాటికి పైరు పచ్చబడి ఉన్నది.

డాబా మీద పొయ్యి సిద్ధంగా ఉన్నది. నారింజ కట్టెల మంట మీద వండటం సంప్రదాయం. కాని పట్టణపు మేడ మీద కట్టెలు కాల్చనివ్వరు. అందుచేత మూడు కాళ్ళ గ్యాసుపొయ్యి. ఇంటాయన మూకుడును దాని మీద పెట్టి, నడుమ కొంచెం ఆలివు నూనె పోశాడు. నూనె ఒక ప్రక్కకు జారింది. వాననీరు పోవటానికి డాబాకు వాలు పెట్టి ఉంటారు గదా! ఆయన మోకాళ్ళ మీద వంగి, పొయ్యి కాలు క్రింద చిన్న చెక్కముక్క పెట్టాడు. నూనె ఇంకా జారింది. ముక్కను కొంచెం బయటకు లాగాడు. ఈసారి నూనె నడుమనే నిలిచింది. “నేల సమంగా లేకపోతే ఒకరికి పచ్చి అన్నం, ఒకరికి మాడిన అన్నం” అన్నాడు. వరిమడి చదును చేసేవాని మాట అది.

అప్పుడే నేను ఆ మూకుడును పరిశీలనగా చూచాను. ఒక పిడి సొట్టపోయి ఉన్నది. అడుగున అరచేయంత మేర తుప్పు తిన్న గరుకుమచ్చ. ఇంత శ్రద్ధగల మనిషి ఇటువంటి మూకుడు వాడుతున్నాడేమా అనుకున్నాను గాని అడగలేదు.

నూనె కాగాక కోడి ముక్కలు, కుందేలు ముక్కలు వేసి అరగంటసేపు ఓపికగా ఎర్రగా వేయించాడు. తరువాత వెడల్పాటి పచ్చి చిక్కుళ్ళు, ‘గర్రొఫో’ అనే పెద్ద తెల్లని చిక్కుడు గింజలు, తురిమిన టొమాటో, కొద్దిగా తీపి మిరపపొడి. ఆపైన నీరు. కొలత పాత్ర లేదు. పిడులను బిగించిన మేకులే గుర్తు. నీరు అక్కడికి వచ్చేవరకు పోశాడు. కుంకుమపువ్వు, ఉప్పు, ఒక రోజ్‌మేరీ రెమ్మ. ఉల్లిపాయ లేదు, చేప లేదు, రొయ్య లేదు. రొయ్యలతో, ఆల్చిప్పలతో చేసేది వేరొక పాయెల్యా, సముద్రపుటొడ్డువారిది. ఇది చేలవారిది. కూలికి వెళ్ళినవారు తోటలో దొరికినదీ, పెరట్లో పెరిగినదీ కలిపి గట్టు మీద వండుకున్న వంట.

ఈ విషయంలో వలెన్సియావారి పట్టుదల లోకప్రసిద్ధం. 2016లో జేమీ ఆలివర్ అనే ఇంగ్లీషు వంటగాడు పాయెల్యాలో చొరీసో అనే పందిమాంసపు సాసేజి కలిపినందుకు స్పెయిన్‌లో పెద్ద దుమారమే లేచింది. ఇష్టం వచ్చినవన్నీ కలిపి వండినదానిని వారు ‘వస్తువులు వేసిన అన్నం’ అని ఎగతాళి చేస్తారు. 2021లో వలెన్సియా ప్రభుత్వం పాయెల్యాను తమ సాంస్కృతిక సంపదగా ప్రకటించింది. వంటకు ఇంత పట్టింపు ఎందుకని బయటివారు నవ్వవచ్చును. పులిహోరలో ఉల్లిపాయ వేస్తే మన ఇళ్ళలో పెద్దవారు ఊరుకుంటారా?

నీరు అరగంట మరిగి రసం దిగిన తరువాత ఇంటాయన బియ్యం సంచీ తీశాడు. ఆరుగురికి 600 గ్రాములు. పొట్టిగా, గుండ్రంగా ఉండే గింజ. తన బరువుకు రెండు మూడింతల రసాన్ని పీల్చి కూడా చిట్లదు. ఆ బియ్యాన్ని చల్లలేదాయన. మూకుడుకు ఈ అంచు నుండి ఆ అంచుకు తిన్నగా ఒక వరుసగా పోశాడు. బియ్యం నీటి పైకి కొంచెం తేలి గట్టులా నిలబడింది. “దీనిని ఏమంటారు?” అని అడిగాను. “కబల్యోన్” అన్నాడు. మా మేనల్లుడు ఆ మాటకు తెలుగు వెదికి, చివరకు “గట్టేనండీ, పొలం గట్టే. ఇక్కడ పొలంలో చాళ్ళ నడుమ ఎత్తుగా ఉండేదానికీ ఇదే మాట” అన్నాడు. ఒక్క క్షణం ఆ మూకుడు నీరు పెట్టిన మడిలాగానే కనిపించింది. మరుక్షణం ఆయన గరిటెతో గట్టు తెంచి, బియ్యాన్ని నాలుగు మూలలకూ సర్దాడు.

ఆ తరువాత గరిటె ముట్టుకోలేదు. పాయెల్యాను కలియబెట్టరాదు. మూత కూడా పెట్టరు. మన బిర్యానీ మూతకు పిండి మెత్తి, ఆవిరిని లోపలే బంధించి వండేది. ఇది ఆకాశం క్రింద ఆవిరిని వదిలిపెట్టి వండేది. మొదట పెద్ద మంట, పిదప చిన్న మంట. మొత్తం పద్దెనిమిది, ఇరవై నిమిషాలు. చివరలో ఇంటాయన చెవి వంచి విన్నాడు. రసం ఇగిరిపోయి అడుగున నూనె చిటపటలాడటం మొదలైంది. ఆ శబ్దానికి ఒక నిమిషం గడువిచ్చి పొయ్యి ఆర్పాడు. అడుగున ఎర్రగా అంటుకున్న పొర పేరు ‘సొకర్రాత్’. మనం మాడు అంటాము. మన ఇళ్ళలో అది వంటవారి పొరపాటు. వారికి వంటవాని పట్టా.

ఈలోగా ఇంటివారి కుమార్తె, పదేళ్ళ మనుమడు వచ్చారు. ఆ అమ్మాయి మూకుడును చూచి గుమ్మంలోనే ఆగిపోయింది. తల్లి వెళ్ళి ఆమె భుజం మీద చేయి వేసింది. అప్పుడు మా మేనల్లుడు మెల్లగా చెప్పాడు.

ఆ అమ్మాయి కాపురం అల్బుఫేరా ఒడ్డున ఉన్న కతర్రోజాలో. 2024 అక్టోబరు 29న కొండలలో కురిసిన కుంభవృష్టికి, సంవత్సరంలో ఎక్కువ కాలం ఎండిపోయి ఉండే పోయో వాగు పొంగి, సరస్సుకు పోయే దారిలో ఉన్న ఊళ్ళను ముంచివేసింది. ప్రజల ఫోన్లకు హెచ్చరిక చేరేసరికి రాత్రి ఎనిమిది దాటింది. అప్పటికే అనేక వీధులలో నీరు మనిషెత్తు దాటి ఉన్నది. వలెన్సియా ప్రాంతంలో 220 మందికి పైగా మరణించారు. ఈ అమ్మాయి, పిల్లవాడు మేడ మీదకు ఎక్కి బ్రతికారు. క్రింది భాగంలోని సామాను అంతా బురదలో కలిసిపోయింది. వేసవి విందుల కోసం తండ్రి అక్కడ ఉంచిన మూకుడు మూడు వారాల తరువాత బురదలో దొరికింది. ఇంటాయన దానిని ఇసుకతో తోమి, నూనె రాచి, చలికాలమంతా బాగుచేశాడు. పొయ్యి మీద పెట్టటం మాత్రం ఇదే మొదలు.

ఇంటావిడ చూపుకు అర్థం నాకప్పుడు తెలిసింది. దూరదేశపు అతిథి ఒక గురువారం సాయంకాలం అన్నం అడగటం వారికి ఒక సాకు అయింది. సాకు లేకుండా ఆ మూకుడును దించే ధైర్యం ఎవరికీ రాలేదు కాబోలు.

నగర కేంద్రానికి ఆనాడు ఏమీ కాలేదు. అందుకూ ఒక వరదే కారణం. 1957 అక్టోబరు 14న తూరియా నది పొంగి నగరాన్ని ముంచింది. 80 మందికి పైగా చనిపోయారు. ఆ తరువాత నగరానికి దక్షిణంగా పెద్ద కొత్త కాలువ త్రవ్వి నదిని అటు మళ్ళించారు. పాత నదీగర్భం ఇప్పుడు మైళ్ళ పొడవున ఉద్యానవనం. 2024లో ఆ కాలువకు ఉత్తరాన ఉన్నవారు క్షేమంగా నిద్రించారు. దక్షిణాన ఉన్నవారు ఇళ్ళకప్పుల మీద తెల్లవార్లూ నిలబడ్డారు. రెండింటికీ నడుమ ఒక వంతెన దూరం.

“మరునాటి నుండి ఆ వంతెన మీద జనం” అన్నాడు ఇంటాయన. చీపుర్లు, పారలు, నీళ్ళ సీసాలు, రొట్టెలు మోసుకుంటూ వేలమంది నగరం నుండి నడిచి వెళ్ళారు. ఆ దృశ్యాన్ని అప్పట్లో లోకమంతా చూచింది. ఆ వరుసలో ఈయనా ఉన్నాడు. కతర్రోజా వరకు నడిచి కూతురు ఇల్లు చేరాడు. “మా వీధి చివర ఇద్దరు విద్యార్థులు బురద ఎత్తిపోస్తున్నారు. వారి పేర్లు ఈనాటికీ తెలియవు” అన్నది కూతురు.

అన్నం అయిదు నిమిషాలు సేదతీరింది. మూకుడును బల్ల నడుమ పెట్టారు. పళ్ళేలు లేవు. ఒక్కొక్కరికి ఒక కొయ్య చెంచా. అందరూ చుట్టూ కూర్చుని, తమ ఎదుట ఉన్న అంచు నుండి నడుమకు తింటూ పోవాలి. ప్రతివానికీ ముక్కోణం వంటి ఒక భాగం. గీతలు ఉండవు గాని ఎవరి హద్దు వారికి తెలుసు. ఇష్టం లేని ముక్క వస్తే నడుమకు నెట్టవచ్చును, కావలసినవారు తీసుకుంటారు. ప్రక్కవాని భాగంలోకి చెంచా పోవటం మాత్రం తప్పు. మధ్యాహ్నం చర్చి ముందు చూచిన ఎనిమిది కుర్చీలు నాకు జ్ఞాపకం వచ్చాయి. ఆ రైతులు నీటికి పెట్టిన నియమమే ఇక్కడ అన్నానికీ ఉన్నది. మూకుడు పెద్దదైతే అందరికీ ఎక్కువ, చిన్నదైతే అందరికీ తక్కువ.

అన్నం మెతుకు మెతుకుకూ విడిగా ఉన్నది. మాంసపు రుచి, చిక్కుడు తీపి, కుంకుమపువ్వు పరిమళం గింజలోకి ఇంకినాయి. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. నా భాగం చివరికి వచ్చేసరికి చెంచాకు ఏదో గరుకుగా తగిలింది. ఆ తుప్పుమచ్చ నా వైపే ఉన్నది. అక్కడ సొకర్రాత్ సరిగా అంటలేదు, నల్లగా మాడింది. ఇంటాయన ముఖం చిన్నబోయింది. స్పానిషులో ఏదో క్షమాపణ చెప్పబోయాడు.

అప్పుడు ఆ పదేళ్ళ పిల్లవాడు తన భాగం నుండి నిగనిగలాడే ఎర్రని మాడుచెక్కను చెంచాతో పెకలించి, హద్దు దాటించి నా వైపు పెట్టాడు. నేను కంగారుపడి తాతగారి వంక చూచాను. హద్దు దాటటం తప్పు గదా?

“తీసుకోవటానికి దాటితే తప్పు” అన్నాడాయన. “ఇవ్వటానికి దాటితే తప్పెక్కడిది?”

ఆ మాట ఆయన మనుమని చెంచాను గురించే అన్నాడు. కాని ఆయన కూతురు తల వంచుకుని చాలాసేపు ఎత్తలేదు. వంతెన మీద పారలతో నడిచివచ్చినవారు ఆమెకు జ్ఞాపకం వచ్చి ఉంటారు. గట్టు లేకపోతే నీరు ఎవరికీ దక్కదు. ఒక్క బలవంతునికే పోతుంది. వాటా కావాలంటే హద్దు ఉండాలి. అయితే ప్రక్కవాడి మడి మునిగిన నాడు ఆ గట్టే దారి కావాలి; దాని మీద నడిచి వెళ్ళాలి. ఈ రెండూ తెలిసిన ఊరు కనుకనే అక్కడ వెయ్యేళ్ళ న్యాయస్థానమూ నిలిచింది, పేరు చెప్పకుండా బురద ఎత్తిపోసినవారూ దొరికారు.

ఆ మాడుచెక్క కరకరలాడుతూ ఎంతో రుచిగా ఉన్నది. చర్చి గోపురాల వెనుక సూర్యుడు దిగిపోయాడు. మూకుడు అడుగు కనిపిస్తున్నది. నడుమ నాలుగు చిక్కుడు గింజలు మాత్రం మిగిలాయి. మొహమాటానికి ఎవరూ వాటిని ముట్టుకోలేదు. నేను చెంచా చాపబోతుంటే ఇంటావిడ నవ్వుతూ నా చేయి ఆపింది.

“ఇక చాలు, రాత్రయింది. ఇప్పుడు తింటే అరగదు” అన్నది.